నా గుండె జవాబు నేనే చెప్పాను

నా గుండె చప్పుడు వినడానికి ఏటా కొందరు పిల్లలు వస్తారు. డాక్టరు చదువు చివరి పరీక్ష రాసేవాళ్ళు. ఎల్బీనగర్ దాటాక ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పరీక్షల రోజుల్లో అక్కడ నన్ను మంచం మీద పడుకోబెడతారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, అడిగి, చూసి, తట్టి, విని, నాకున్న జబ్బేమిటో పెద్ద డాక్టర్లకు చెప్పాలి. అలా పడుకునే మనిషిని వాళ్ళు కేసు అంటారు. పోలీసు కేసు కాదు, కోర్టు కేసు కాదు, నేనే కేసు.

మాది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. చిన్నప్పుడు నాకు గొంతు నొప్పి వచ్చి, ఆ వెనకే కీళ్ళు వాచి జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గింది, మోకాళ్ళు బాగయ్యాయి, అందరూ మరిచిపోయారు. ఆ జ్వరం పోతూ పోతూ గుండెలో ఒక వాల్వును పాడుచేసి పోయిందని పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. వాల్వంటే తలుపు లాంటిదట. నాది సగమే తెరుచుకుంటుంది. మెట్లెక్కితే ఆయాసం. ఇప్పటికీ మూడు వారాలకోసారి ఇంజక్షన్ చేయించుకుంటాను.

మేముండేది కొత్తపేటలో. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. నేను ఇంట్లో ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా గల్లీలో సగం మంది ఆడవాళ్ళ కొలతలు నాకు నోటికి వచ్చు. ఎవరు లావెక్కారో వాళ్ళ మొగుళ్ళకంటే ముందు నాకే తెలుస్తుంది. ఒకరి ఒంటి మీద టేపు పెట్టడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు. నా ఒంటి మీద ఎవరైనా చెయ్యి పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలిసింది అదెలా ఉంటుందో.

మొదటిసారి అనుకోకుండా జరిగింది. ఇంజక్షన్ కోసం ఆ ఆసుపత్రికి వెళ్ళాను. పెద్ద సారు నా రొమ్ము కింద స్టెతస్కోప్ పెట్టి విని, ముఖం వెలిగిపోయి, "రండి రండి, ఇది వినండి" అని చదువుకునే పిల్లలందరినీ పిలిచారు. ఆడపిల్లలు, మగపిల్లలు మంచం చుట్టూ మూగారు. నా జాకెట్ హుక్కులు తీసి ఉన్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే నేను వాళ్ళకు కనబడనన్నట్టు. చల్లటి స్టెతస్కోప్ బిళ్ళలు ఒకటి తర్వాత ఒకటి వచ్చి తగులుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అంతా అయ్యాక సారు అన్నారు కదా, "చాలా మంచి కేసు అమ్మా మీది. పుస్తకంలో రాసినట్టే ఉంది."

రాయడానికి తల కొట్టేసినట్టుంది కానీ, ఆ మాటకు నేను సంతోషపడ్డాను. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నన్ను రోగిష్టిదనే పిలిచింది. నాలో మంచిదేదో ఉందని, అదీ పుస్తకంలో ఉన్నట్టు ఉందని, అంత చదువుకున్న మనిషి అనడం అదే మొదలు. పరీక్షలకు వస్తారా అని అడిగితే ఇంట్లో కూడా అడగకుండా తల ఊపేశాను. వెళ్తే కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, భోజనం పెడతారు, గారు అంటారు. ఓపీలో లైను ఉండదు. ఆ రోజు నన్ను చూసి లేచి నిలబడేవాళ్ళుంటారు. మా ఇంట్లో నేను నడుస్తుంటే కాళ్ళు కూడా ముడుచుకోరు.

పోను పోను సిగ్గు పోయింది. ఆ సిగ్గు పోయిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. నా గుండె గురించి నాకు పాఠం వచ్చేసింది. మామూలు గుండె లబ్, డబ్ అంటుంది. అవి తలుపులు మూసుకునే చప్పుళ్ళు. నా లబ్ గట్టిగా ఉంటుంది. డబ్ వెనకాలే ఒక టక్, ఆ తర్వాత సన్నటి ఉరుము. ఆ అదనపు చప్పుడును మర్మర్ అంటారు. ఇరుకు తలుపులోంచి నెత్తురు తోసుకుని పోతున్న చప్పుడది. ఎడమ పక్కకు తిరిగి, ఊపిరి వదిలి, బిగబట్టాలి. బిళ్ళను గట్టిగా నొక్కితే వినిపించదు, తేలికగా ఆనించాలి. ఒకసారి ఒక కుర్రాడు తన స్టెత్ నా చెవుల్లో పెట్టి వినిపించాడు. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత తెలిసింది, దూరంగా రోడ్డు మీద లారీ పోతుంటే కిటికీ అద్దం అదిరినట్టు. ఇదా వీళ్ళంతా వెతుక్కుంటూ వచ్చేది అనుకున్నాను.

పిల్లలు జబ్బు కనిపెట్టాలి, కేసు నోరు విప్పకూడదు. అది నియమం. ఆయాసం ఉందా అంటే ఉందనాలి, చిన్నప్పుడు జ్వరం వచ్చిందా అంటే వచ్చిందనాలి. జబ్బు పేరు మాత్రం చెప్పకూడదు. సారు ఏటా చెప్తారు, నేను ఏటా తల ఊపుతాను. తెర లాగీ లాగకముందే పిల్లలు నా చెవిలో మొదలుపెడతారు.

"ఆంటీ, జర చెప్పుండ్రి. ఏంది మీకు?"

"మైట్రల్ స్టెనోసిస్ బిడ్డా. ఈ పక్కకు తిరుగుత, గిక్కడ పెట్టి ఇను, మంచిగ ఇనిపిస్తది."

వాళ్ళు వినేవాళ్ళా? పేరు తెలిశాక ఇంక వినడమెందుకు. బిళ్ళ ఆనించినట్టు ఆనించి, పెదవులు కదుపుతూ చెప్పాల్సింది వల్లె వేసుకునేవాళ్ళు. బయటికెళ్ళి గడగడా అప్పజెప్పేవాళ్ళు. పోయేటప్పుడు కొందరు నా కాళ్ళకు దండం పెట్టేవాళ్ళు. పాపం పిల్లలు, ఎన్నేళ్ళు చదివారో, నాలుగు మాటలు చెప్తే నాదేం పోయింది అని నాకు నేను చెప్పుకునేదాన్ని. పాపం లేదు, పుణ్యం లేదు. ఇంటర్ తప్పి మిషనెక్కిన దాన్ని, కాబోయే డాక్టర్లు నా నోటి వంక చూస్తుంటే నాకు బాగుండేది. అంతే.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. ఏటా ఎకో పరీక్ష, అంటే గుండెకు స్కానింగు, చేయించుకోవాలని డాక్టర్లు నాకు చెప్పారు. మా ఆయన రెండు మూడుసార్లు గుర్తుచేశాడు. "ఇంతమంది ఇంటున్నరు నా గుండెను, ఇగ ఎకో ఎందుకు?" అని ఆయన నోరు మూయించాను. ఆయన నిజమేనేమో అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

ఈ ఏడు పరీక్షకు వెళ్ళిన పొద్దున, పిల్లలు రాకముందు, సారు వచ్చి నన్ను చూశారు. అది మామూలే. ఈసారి మాత్రం చాలాసేపు విన్నారు. పడుకోబెట్టి విని, కూర్చోబెట్టి విన్నారు. సారుకు వయసు మీద పడింది, చెవులు మందగించాయేమో అనుకున్నాను. ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

ఈసారి నా దగ్గరికి వచ్చింది ఒక్కతే, సన్నగా ఉన్న ఒక అమ్మాయి. జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. వచ్చీ రాగానే తెర సరిగ్గా లాగింది, సందు లేకుండా. ఏ ఊరి పిల్లవమ్మా అని నేనే అడిగాను, అందరినీ అడుగుతాను. గుంటూరు నుంచి వచ్చామని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నామని చెప్పింది. స్టెత్ బిళ్ళను అరచేతిలో రుద్ది వెచ్చబెట్టింది. "హుక్స్ తీయొచ్చా ఆంటీ?" అని అడిగింది. వినాల్సిన చోటు తప్ప మిగతాదంతా నా కొంగుతో కప్పింది. ఇన్నేళ్ళలో అలా చేసిన వాళ్ళు లేరు.

నాకేమనిపించిందో చెప్పనా? చిరాకు వేసింది. ఎందుకంటే ఆ పిల్ల నన్ను జవాబు అడగలేదు. అడుగుతుందని చూస్తున్నాను, అడగదే. కళ్ళు మూసుకుని వింటోంది. ఎడమ పక్కకు తిరగమంది, వింది. లేచి కూర్చోమంది. ముందుకు వంగి, ఊపిరి మొత్తం వదిలి బిగబట్టమంది. రొమ్ము ఎముక పక్కన బిళ్ళను గట్టిగా నొక్కి పెట్టింది. మళ్ళీ అదే చేయించింది. మళ్ళీ.

"ఆంటీ, ఎడమ పక్కన పడుకుంటే దడదడ కొట్టుకుంటున్నట్టు ఉంటుందా? మెడలో ఏమైనా తెలుస్తుందా?"

ఉంది. కొన్ని నెలలుగా ఉంది. పడుకుంటే మంచమే కొట్టుకుంటున్నట్టు ఉండేది. కానీ నేను ఏటా చెప్పే వరసలో ఆ మాట లేదు. ఆయాసం ఉంది, కీళ్ళ జ్వరం ఉంది, దడదడ లేదు.

"అదేం లేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నుదురు ముడిపడింది. తనలో తను అనుకుంటున్నట్టు అంది, "ఇక్కడ ఇంకోటి వినిపిస్తోంది. ఉఫ్ అని ఊదినట్టు. ఇది వేరే వాల్వుది."

నాకు జాలేసింది. తప్పు చెప్పి దెబ్బతింటుందని నిజంగానే జాలేసింది. నా గుండె గురించి నాకు తెలియనిది దీనికేం తెలుసులే అని కూడా అనిపించింది.

"గది కాదు బిడ్డా. నాది మైట్రల్ స్టెనోసిస్ ఒక్కటే. ఎన్నేండ్ల సంది ఒస్తున్న, ఎంతమంది పాసయిండ్రు. టెన్షన్ల నీకు అట్ల ఇనిపిస్తున్నది. లేనిది చెప్తే సార్లు తిడ్తరు."

"నిజంగానా ఆంటీ? నాకు స్పష్టంగా వినిపించింది."

"నా గుండె నాకు తెల్వదా?"

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. మళ్ళీ ఒకసారి బిళ్ళ పెట్టింది. ఈసారి ఎక్కువసేపు వినలేదు. టైమైపోయింది.

సారు, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఇంకో డాక్టరు మంచం దగ్గరికి వచ్చారు. అమ్మాయి చక్కగా చెప్పింది. నేను చెప్పిన జబ్బే చెప్పింది. సారు విని, "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు. ఆ పిల్ల నా వంక చూసింది. "లేదు సార్" అంది. "ఆలోచించి చెప్పు. ఇంకేమైనా?" అన్నారు సారు. "లేదు సార్."

అప్పుడు సారు నన్ను లేపి కూర్చోబెట్టారు. ముందుకు వంగి ఊపిరి బిగబట్టమన్నారు. బయటి డాక్టరు వచ్చి, ఆ పిల్ల పెట్టిన చోటే బిళ్ళ పెట్టి విన్నాడు. తల ఊపాడు. 

"ఇంత స్పష్టంగా ఉన్నది నీకు వినిపించలేదా?" అన్నాడాయన.

ఆ అమ్మాయి నోరు తెరిచింది. వినిపించింది సార్, ఈమే కాదంది అంటే అయిపోయేది. నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. "వినిపించలేదు సార్" అంది.

సారు నా వైపు తిరిగారు. "ఏమ్మా?" అన్నారు. అంతే, ఆ ఒక్క మాటే. నేను ఆయన ముఖం చూడకుండా హుక్కులు పెట్టుకోవడం మొదలుపెట్టాను. రోజూ ఇన్ని జాకెట్లకు హుక్కులు కుట్టే దాన్ని, నా హుక్కు ఒక్కటీ సరైన చోట పడలేదు. నేను నోరు విప్పలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు, అమ్మాయీ వెళ్ళిపోయింది. భోజనం కూడా చేయకుండా నేను బయటపడ్డాను.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే, ఆడవాళ్ళ పెట్టెలో ఆ పిల్ల కూర్చుని ఉంది. తెల్లకోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఏడ్చినట్టు కళ్ళు చెప్తున్నాయి. నేను పక్కకు తప్పుకోబోయాను. తనే చూసి జరిగి చోటిచ్చింది. కూర్చోక తప్పలేదు.

"ఆంటీ, మీరు ఎకో చేయించుకుని ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

నేను కిటికీ వైపు తిరిగాను.

"వెంటనే చేయించుకోండి. ఇంకో వాల్వు కూడా లీకవుతున్నట్టుంది. భయపడాల్సిందేం లేదు, మందులున్నాయి. కానీ అశ్రద్ధ చేయొద్దు. దడ ఉంటే డాక్టరుకు దాచొద్దు ఆంటీ."

దాచానని కనిపెట్టేసింది. కోపం మాత్రం ఎక్కడా లేదు. అరిచినా బాగుండేది.

"మరి సార్‌కు ఎందుకు చెప్పలే బిడ్డా? నేనే అన్ననని చెప్తే అయిపోవు గదా."

"చెబితే అందరి ముందూ మిమ్మల్ని తిట్టేవాళ్ళు కదా ఆంటీ. మీరు అలా ఉన్నారు, హుక్స్ కూడా పెట్టుకోలేదు." ఒళ్ళోని తెల్లకోటు సర్దుకుని అంది, "అయినా చెవులు నావే కదా. మీ మాట విన్నది నేనే."

నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది. క్షమించమ్మా అనాలి. నోట్లోంచి వచ్చిందేమిటో తెలుసా? "మంచిగ సదువుకో బిడ్డా." రాత్రింబవళ్ళు చదివి, నిజంగా విని, నా వల్ల దెబ్బతిన్న పిల్లతో ఆ మాట అని దిగిపోయాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా మిషను ఆపేసి కూర్చుంటున్నాను.

మా ఆయనకు దడ సంగతి చెప్పాను. ఆయన తిట్టలేదు, ఆ వారంలోనే ఎకోకు తీసుకెళ్ళాడు. ఆ పిల్ల చెప్పినట్టే ఉంది. రెండో వాల్వు కారుతోంది. ఇంకా మొదట్లోనే ఉంది కాబట్టి మందులు వాడుతూ చూసుకోవాలన్నారు. ఎప్పటి నుంచి ఉందంటే చెప్పలేమన్నారు. ఎలా చెప్తారు? ఏటా వినడానికి వచ్చిన పిల్లలందరికీ నేనే పేరు చెప్పి, వినే పని తప్పించాను కదా. వాళ్ళలో ఎవరికైనా అంతకుముందే వినిపించి ఉండేదేమో. చేజేతులా చేసుకున్నాను.

ఆ పిల్ల తప్పిందని ఇంజక్షన్ వేసే చోట తెలిసింది. మిగతావన్నీ బాగానే చేసిందట, నా కేసు దగ్గరే పోయిందట. ఇంక ఉండబట్టలేక, రిపోర్టు పట్టుకుని సారు గదికి వెళ్ళాను. మా ఆయనను బయటే ఉండమన్నాను.

"సార్, ఆ పిల్లకు ఇనిపించింది. నేనే కాదన్న. నాది ఒక్కటే జబ్బని చెప్పి ఆమెను ఆగం చేసిన."

సారు రిపోర్టు మీంచి తల ఎత్తలేదు. "తెలుసమ్మా. ఆ అమ్మాయి వింటున్నప్పుడు తెర కింద నుంచి మీ కాళ్ళు కనబడ్డాయి. మిమ్మల్ని లేపి, కాళ్ళు కిందికి దించి కూర్చోబెట్టిందంటే ఆ చప్పుడు కోసమే."

నాకు కోపం వచ్చింది. "తెలిసి కూడ ఫెయిల్ చేసిండ్రా?"

"విన్నది చెప్పకపోతే విననట్టే లెక్క. రేపు వార్డులో ఇంకెవరో కాదంటారు. అప్పుడూ వదిలేస్తే? మళ్ళీ రాస్తుంది, పాసవుతుంది. మంచి డాక్టరవుతుంది."

"మరి మీకు పొద్దుగాలనే ఇనిపించింది గద సార్. నాకు ఒక్క మాట చెప్పొద్దా? గుండె నాది కాదా?"

సారు కళ్ళద్దాలు తీశారు. "పరీక్ష అయ్యాక చెప్దామనుకున్నా. మీరు అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయారు. ఫోన్ చేయించాను, ఎత్తలేదు. పొద్దున్నే చెప్పి ఉంటే ఏమయ్యేదమ్మా? అది కూడా ఆ అమ్మాయికి మీరే చెప్పేసేవారు. అవునా, కాదా?"

ఇన్నేళ్ళూ నేను గుట్టుగా చేస్తున్నాననుకున్నది సారుకు ఎప్పటి నుంచో తెలుసన్నమాట.  ఆ ఫోన్ మోగడం నాకు గుర్తుంది. కాలేజీ నంబరని చూసి, తిడతారని ఎత్తలేదు.

"నాకు అర్థం కానిది ఒక్కటే" అన్నారు సారు. తిట్టడం లేదు, నిజంగానే అడుగుతున్నారు. "అమ్మాయి చెప్పలేదంటే సరే, పరీక్ష, భయం. మిమ్మల్ని అడిగాను కదా. మీరు ఒక్క మాట అంటే ఆమెతో మళ్ళీ వినిపించేవాణ్ణి. మీరెందుకు మాట్లాడలేదు?"

చెప్పడానికి చాలా ఉన్నాయి. భయపడ్డానని చెప్పొచ్చు. ఇంగ్లీషు అర్థం కాలేదని చెప్పొచ్చు. జాకెట్ విప్పి ఉంది, సిగ్గేసిందని చెప్తే ఆయనే తల దించుకునేవారు. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ మెట్రోలో నాకోసం జరిగి చోటిచ్చిన పిల్ల ముఖం కళ్ళ ముందుంది.

"చెప్తే నన్ను మళ్ల పరీక్షలకు పిలువరేమో అని సార్" అన్నాను.

నా గుండెలో కొత్త జబ్బుందని విన్న క్షణంలో కూడా నాకొచ్చిన భయం అదే. ఆ కుర్చీ, ఆ టీ, మంచి కేసు అన్న ఆ మాట పోతాయని. దానికోసం ఒక పిల్ల చదువు పాడవుతుంటే నోరు మూసుకుని చూస్తూ ఊరుకున్నాను.  సారు కళ్ళద్దాలు పెట్టుకుని, "సరేనమ్మా, జాగ్రత్తగా వెళ్ళండి. మందులు ఆపకండి" అన్నారు. బయటికి వచ్చాక మా ఆయన రిపోర్టు ఏదని అడిగాడు. సారు బల్ల మీదే వదిలేసి వచ్చాను. లోపలికి పోయి తెచ్చుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు.